చెల్లెలి పేరు మీద

ట్రేసరమ్మ రెండు వారాలు సెలవు పెట్టి చెల్లెల్ని చూడ్డానికి దేశం దాటి వెళ్ళిందనీ, వెళ్తూ వెళ్తూ తన డ్రోన్‌ని కూడా వెంటబెట్టుకుపోయిందనీ ఆఫీసులో అందరికీ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు అది ఆమె దగ్గర లేదనీ తెలుసు. ఏమైందని అడిగిన వాళ్ళందరికీ ఆమె "పడిపోయిందండీ" అని ఒక్కటే మాట చెప్పింది. పక్క బల్ల దగ్గర కూర్చునే డ్రాఫ్ట్స్‌మన్ "అయ్యో, పోనిద్దురూ, ఇంకోటి కొనుక్కుందురుగాని" అన్నాడు. ఆమె తలాడించి పనిలోకి వంగింది. అది మొదలు ఆ ఊసు ఆమె ఎత్తలేదు, ఎవరైనా ఎత్తినా మాట మార్చేసేది.

ట్రేసింగు కాగితాలు అటకెక్కి, కంప్యూటర్లు బల్లలెక్కి పదేళ్ళు దాటినా పురపాలక సంఘం ప్లానింగు విభాగంలో ఆమెని ఎవరూ పేరుపెట్టి పిలవరు. వచ్చిన కొత్తలో ప్లాన్ల నకళ్ళు గీసే ట్రేసరు ఉద్యోగం, అప్పటినుంచీ ట్రేసరమ్మే. ముప్ఫై రెండేళ్ళుగా ఆమె పని ఊరిని పైనుంచి గీయడం. రోడ్లు, కాలవలు, ఇళ్ళ కప్పులు, ప్రహరీలు. ఏ వీధి మలుపు ఎన్ని అడుగుల వెడల్పో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. అలాంటి మనిషి ఒక్క ఇంటినైనా నిజంగా పైనుంచి చూసిన పాపాన పోలేదు. మూడేళ్ళ కిందట సర్వేకి వచ్చిన కంట్రాక్టరు మనుషులు డ్రోన్ ఎగరేసి, తెర ఆమె చేతికిచ్చారు. తను గీసిన వీధే, తను గీసిన ఇళ్ళే. కానీ డాబాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు పక్కన ఎవరో ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తన గీతల్లో ఇన్నేళ్ళూ ఎవరూ బట్టలారేయలేదనీ, ఎవరూ కూర్చోలేదనీ ఆమెకి అప్పుడు తట్టింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి మొగుడితో "నేనూ ఒకటి కొనుక్కుంటానండీ" అంది.

"యాభై ఏళ్ళు దాటాక గాలిపటమేంటే నీకు?" అన్నాడాయన.

"గాలిపటం కాదు, కెమెరా."

"ఎగిరేదేనా?"

"ఎగిరేదే."

"మరి గాలిపటమే."

ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేసి రిటైరైన మనిషి. ఎగతాళి ఎంత చేసినా, ఆదివారం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఆమె వెంట మైదానానికి వచ్చేది ఆయనే. దానికి తూనీగ అని పేరు పెట్టిందీ ఆయనే. అది గాల్లోకి లేవగానే వాచీ చూసుకుని గట్టు మీద కూర్చునేవాడు. "ఇరవై నిమిషాలైంది, ఇంక దింపు" అని కేకేసేవాడు. ఎండలో తెర మీద అంకెలు ఆమెకి సరిగ్గా కనిపించేవి కావు, అందుకని ఆయన వాచీనే నమ్ముకునేది. రెండేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

చెల్లెలు ఆమె కంటే పదేళ్ళు చిన్నది. తల్లి మంచాన పడ్డప్పటినుంచీ చెల్లెలి బాధ్యత అక్కదే. బడి దరఖాస్తు, కాలేజీ దరఖాస్తు, స్కాలర్‌షిప్పు కాగితాలు, బ్యాంకు ఖాతా అన్నీ ట్రేసరు చేతి అచ్చక్షరాల్లోనే నిండాయి. ఒక్కోసారి సంతకం కూడా. చెల్లెలి పేరు రాయడం ఆమె చేతికి తన పేరు రాయడం కంటే బాగా అలవాటు. ట్రేసరమ్మ ఇంట్లో ఏది ఎవరి పేరు మీద ఉందో ఎవరూ పట్టించుకునేవారు కాదు. కరెంటు బిల్లు ఎప్పుడో పోయిన మామగారి పేరు మీద వచ్చేది. స్కూటరు ఆడపడుచు పేరు మీద ఉండేది. గ్యాసు బుక్కు ఇరవై రెండేళ్ళుగా చెల్లెలి పేరు మీదే. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా చెల్లెలు నవ్వేది, "నేను ఇక్కడున్నా మీ వంట మాత్రం నా పేరు మీదే నడుస్తోంది బావా" అని.

చెల్లెలు ఉండే చోట ఒక ల్యాబులో కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. పెళ్ళి నిలవలేదు, పిల్లల్లేరు, ముప్ఫై తొమ్మిదో ఏట ఆ పని నేర్చుకుని ఒంటరిగా వెళ్ళి ఏడేళ్ళయింది. ఇన్నాళ్ళకి అక్కాబావల్ని పిలవగలిగింది. ఆహ్వానం ఉత్తరం, తన నివాస కార్డు నకలు పంపింది. అక్క వాటిని వీసా కాగితాలతో పాటు ఒక ఫైల్లో పెట్టుకుంది.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఒకమ్మాయి చేతిసంచీ తెరిపించి, టేపు చుట్టిన మూడు బ్యాటరీలని బయటకి తీసింది. "ఇవేంటి?" అంది.

"మా తూనీగ గుడ్లమ్మా," అన్నాడు టైమ్ కీపరు.

ట్రేసరమ్మ ఆయన మోచెయ్యి గిల్లి, వెంటనే కొన్న రసీదు, బ్యాటరీ వివరాలు తీసి చూపించింది. అన్ని కాగితాలూ వరసగా ఉండటం చూసి ఆ అమ్మాయి నవ్వి పొమ్మంది. ఆ మాత్రం జాగ్రత్త గల మనిషే ఆమె. కాగితాలంటే భయం లేని మనిషి, అంతే.

దిగిన మర్నాడు పని నుంచి రాగానే చెల్లెలు వాళ్ళిద్దర్నీ బయటికి తీసుకెళ్ళింది. గోళ్ళ అంచున ఇంకా ప్లాస్టరు తెల్లగా ఉంది. రెండు వీధులు దాటి, షట్టరు వేసిన ఒక చిన్న గది ముందు ఆగి, అద్దానికి అరచేతులు ఆనించి లోపలికి చూడమంది.

"ఉత్తరం వైపు కిటికీ చూశావా అక్కా? పంటి రంగు కుదరాలంటే ఆ వెలుతురే కావాలి. మా ల్యాబులో ట్యూబులైటు కింద చేస్తాం, సగం వెనక్కొస్తాయి."

"నీదా ఇది?"

"నాదవుతుంది. కార్డొస్తే." చెల్లెలు చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. "ఇప్పుడున్న కార్డు మా ఓనరుతో ముడిపెట్టి ఉంటుంది. ఆయన దగ్గర మానేస్తే దేశం మానేయాలి. అందుకే ఆయన ఎంతిస్తే అంత, ఎప్పుడు రమ్మంటే అప్పుడు. శాశ్వత కార్డుకి దరఖాస్తు పెట్టాను. రెండు మూడు నెలల్లో తేలిపోతుంది. ఇద్దరు పంటి డాక్టర్లు పని ఇస్తామన్నారు కూడా."

"వచ్చేస్తుందిలే."

"వస్తుంది, ఏ రికార్డులోనూ మచ్చ లేకపోతే. ఎర్ర లైటు పడితే రోడ్డు ఖాళీగా ఉన్నా నిలబడిపోతున్నా అక్కా. పిచ్చిదానిలా."

"మా డిపోలో డ్రైవర్లకి నిన్ను చూపించాలి మరదలా," అన్నాడు బావ. ముగ్గురూ నవ్వుకున్నారు. ట్రేసరమ్మ ఆ మచ్చ మాట విన్నది. విన్నదని తర్వాత ఎన్నిసార్లో తనకి తానే ఒప్పుకుంది. విననట్టు నటించడానికి కూడా వీల్లేదు.

డ్రోన్ పెట్టె చూసి చెల్లెలు సంబరపడింది కూడా. "ఇక్కడ ఎగరేయాలంటే నంబరు తీసుకుని దాని మీద అంటించాలి అక్కా. తొందరపడకు. ఆదివారం నాకు సెలవు, ఇద్దరం కూర్చుని చూద్దాం" అంది. ఆ ఆదివారం ఓనరు పనికి రమ్మన్నాడు. సోమవారం పొద్దున్న చెల్లెలు చీకటుండగానే వెళ్ళిపోయింది. బావ సోఫాలో కునుకు తీస్తున్నాడు. బల్ల మీద చెల్లెలి టాబ్లెట్ ఉంది. ట్రేసరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దరఖాస్తు పేజీ ఇంగ్లీషులో తెరిచింది.

బయటి దేశం వాళ్ళయితే పాస్‌పోర్టు నకలు పంపాలట, పది పనిదినాలు పడుతుందట. ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళయితే వెంటనే ఇచ్చేస్తారట. తిరుగు ప్రయాణం వచ్చే శనివారమే.

"ఏమండీ, పది రోజులంటున్నారు," అంది.

ఆయన కళ్ళు తెరవకుండానే "మీ చెల్లి పేరు మీద చేసేయ్" అన్నాడు.

అంతే. ఆమెకి అందులో వింతేమీ కనిపించలేదు. ఫైల్లో చెల్లెలి కార్డు నకలు ఉండనే ఉంది. గడులు నింపుతుంటే వేళ్ళు వాటంతటవే నడిచాయి, పేరు, పుట్టిన తేదీ, చిరునామా. ధ్రువీకరణ అంకె ఎదురుగా ఉన్న టాబ్లెట్‌కే వచ్చింది. 'పై వివరాలు నావేనని ధ్రువీకరిస్తున్నాను' అన్న దగ్గర టిక్కు పెట్టింది. నంబరు వచ్చింది. తెల్ల కాగితం మీద చక్కటి అక్షరాలతో రాసి, కత్తిరించి, తూనీగ పొట్టకి అంటించింది. సాయంత్రం చెల్లెలితో చెప్దామనుకుంది. ముందు ఇంటిని పైనుంచి తీసి, ఆ వీడియో చూపిస్తూ చెప్తే బాగుంటుందని మళ్ళీ అనుకుంది. సోఫాలో కూర్చోబెట్టి, "ఇదిగో నీ ఇల్లు" అని చూపించాలని.

మంగళవారం పదకొండు గంటలకి ఇద్దరూ ఇంటి వెనక సందులోకి దిగారు. గట్టిగా చలి. ఊపిరి పొగలా వస్తోంది. తూనీగ గాల్లోకి లేచింది, టైమ్ కీపరు వాచీ చూసుకున్నాడు.

పైనుంచి చూస్తే చెల్లెలి ఇల్లు ఎంత చిన్నదో. రెండు కిటికీలు, ఏటవాలు కప్పు, వెనక తీగ మీద వేలాడుతున్న రెండు తెల్ల కోట్లు. పక్కన అలాంటివే మరో పద్దెనిమిది కప్పులు. ఏడేళ్ళ జీవితం ఇంత చోట్లో పట్టిందా అనుకుంది. ఇంకాస్త పైకి పంపింది. వీధి చివరిదాకా, ఆ షట్టరు వేసిన గది కప్పు దాకా పోయి, అది కూడా తీయాలనుకుంది.

"ఎంతసేపయిందండీ?"

"తొమ్మిది నిమిషాలేగా. ఇంకా పదకొండున్నాయి. తాపీగా తియ్యి."

వాచీ తప్పు చెప్పలేదు. చలికే బ్యాటరీ సగంలో చచ్చిపోయింది. వాళ్ళ ఊళ్ళో చలికాలంలో కూడా మధ్యాహ్నానికి చెమట పట్టేది, ఆ సంగతి తెలిసే అవకాశం వాళ్ళకి లేదు. తెర మీద ఎర్ర గీత చూసి వెనక్కి తిప్పేలోపే అది తన ఇష్టం వచ్చినట్టు కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎక్కడికి దిగుతోందో తెరలో కనిపించింది. పచ్చగా, చదునుగా ఉన్న నేల, దాని మీద రంగురంగుల చుక్కలు. చుక్కలు పరిగెడుతున్నాయి. అవి పిల్లలని తెలియడానికి ఆమెకి రెండు క్షణాలు పట్టింది.

ఎవరికీ తగల్లేదు. దేవుడి దయ అని అక్కడే నిలబడి చేతులు జోడించింది. కానీ బడి గేటు దగ్గరికి రొప్పుకుంటూ చేరేసరికి ఒక టీచరమ్మ తూనీగని రెండు చేతులతో, దూరంగా, ఏదో పురుగుని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడి ఉంది. పిల్లల్ని గబగబా లోపలికి పంపేస్తున్నారు. టైమ్ కీపరు "సారీ మేడమ్, సారీ" అంటూనే ఉన్నాడు. దానికి కెమెరా ఉందని, పిల్లల మీద ఎగిరిందని వాళ్ళ బాధ. కాసేపటికి పోలీసాయన వచ్చాడు. కేకలు లేవు, బెదిరింపు లేదు. పొట్ట మీద అంటించిన నంబరు చూసి, చేతిలో యంత్రంలో కొట్టి, ఒక పేరు బిగ్గరగా చదివాడు.

చెల్లెలి పేరు. ఒత్తులు ఎక్కడెక్కడో పడి, ముక్కలు ముక్కలుగా. "మీరేనా?" అన్నట్టు ఆమె వైపు చూశాడు.

అప్పుడు తెలిసింది ఆమెకి తను ఏం చేసిందో.

ల్యాబు నుంచి చెల్లెలు కోటు మీదే పరిగెత్తుకొచ్చింది. పోలీసాయనతో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడి, ఆయన ఇచ్చిన కాగితం తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుంది. ముగ్గురూ ఇంటి దాకా నడిచారు. తలుపు వేశాక అడిగింది.

"నా పేరు మీద చేశావా అక్కా?"

"నాకయితే పది రోజులన్నారే. నీకయితే వెంటనే..."

"నాకు చెప్పాలి కదా."

"చెప్దామనే... వీడియో తీశాక..."

"ఇది గ్యాసు బుక్కు కాదక్కా." చెల్లెలు గొంతు పెంచలేదు. కోటు విప్పి వంకీకి తగిలించింది. "గురువారం డ్రోన్ల వ్యవహారం చూసే ఆఫీసుకి వెళ్ళాలి. మీరూ రండి."

"తప్పు నాదే మరదలా, నేనే చేసేయ్ అన్నాను," అన్నాడు బావ.

"ఇప్పుడవన్నీ ఎందుకులే బావా. టీ తాగుతారా?"

తిడితే బాగుండుననిపించింది అక్కకి. చిన్నప్పుడు జడ లాగితే ఇల్లు పీకి పందిరేసే పిల్ల. ఇంత నెమ్మది ఎప్పుడు నేర్చుకుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో. రెండు రోజులూ చెల్లెలు ఎప్పటిలాగే పనికి వెళ్ళింది, వచ్చింది, దుప్పట్లు చాలుతున్నాయా అని అడిగింది.

గురువారం ఆ ఆఫీసులో ఒక గదిలో కూర్చున్నారు. పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి గడియారం. అధికారి మధ్యవయసు ఆడమనిషి. జలుబు చేసి ఉంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది. మాట మాత్రం మర్యాదగా ఉంది. రెండు కాగితాలు తీసి చెల్లెలి ముందు పక్కపక్కన పెట్టి, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. చెల్లెలు అంతా విని అక్క వైపు తిరిగింది.

"ఇందులో, డ్రోన్ నాదే, బాధ్యత నాదే అని ఉంది. సంతకం పెడితే దాన్ని తీసేసుకుని, జరిమానా వేసి, ఇవాళే పంపించేస్తారు. నా పేరు మీద రికార్డవుతుంది."

"రెండోది?"

"నా కార్డుని నాకు తెలియకుండా వేరేవాళ్ళు వాడారని. అది పెడితే నా మీద ఏమీ ఉండదు. వాడినవాళ్ళ మీద విచారణ ఉంటుంది."

"అంటే నా మీద."

"ఊఁ."

"ఎన్నాళ్ళు?"

"నాలుగు వారాలైనా పడుతుందట. అప్పటిదాకా పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే."

"మనకి శనివారం టికెట్లు," అన్నాడు టైమ్ కీపరు. ఆ మాట ఆయన చెడ్డగా అనలేదు. బస్సు ఎన్నింటికో అడిగితే చెప్పే మనిషిలా, నోటికొచ్చిన టైము చెప్పాడు. కానీ ఆ మాట బల్ల మీద పడి అక్కడే ఉండిపోయింది.

అధికారి చెల్లెల్ని ఇంకేదో అడిగింది. చెల్లెలు అవునన్నట్టు తలూపింది. అధికారి ముక్కు తుడుచుకోవడం ఆపి, ఒక నిమిషం ఆమె మొహంలోకి చూసి, మెత్తగా ఏదో చెప్పింది. అది చెల్లెలు తెలుగులో చెప్పలేదు. అక్క అడగలేదు. అడగక్కర్లేకుండానే అర్థమైంది. కార్డు దరఖాస్తు ఏమైనా నడుస్తోందా అని అడిగి ఉంటుంది, అయితే ఆలోచించుకోమని చెప్పి ఉంటుంది.

ట్రేసరమ్మ రెండు కాగితాల వైపూ చూసింది. విచారణ. పరాయి దేశంలో, భాష రాని చోట, పాస్‌పోర్టు లేకుండా నాలుగు వారాలు. ప్రభుత్వోద్యోగి మీద బయటి దేశంలో కేసు అని ఆఫీసుకి తెలిస్తే ఏమవుతుందో, రిటైరుమెంటుకి ఇంకా ఐదేళ్ళు. ఇవన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. అయినా నోరు తెరిచి అడిగింది.

"నేనే చేశానని చెప్పేస్తానే. నువ్వు ఆ రెండోది పెట్టేయ్."

"వద్దులే అక్కా," అంది చెల్లెలు.

చెల్లెలు ఎప్పుడూ మొదటిసారి వద్దులే అనే అంటుంది. చిన్నప్పటినుంచీ అంతే. దేనికీ వెంటనే చెయ్యి చాపదు. బట్టల కొట్లో మనసుపడ్డ రంగు ముందు పెట్టినా వద్దులే అంటుంది, జ్వరమొచ్చినప్పుడు పక్కన పడుకోనా అంటే వద్దులే అంటుంది. రెండోసారి అడగాలి. "ఏం వద్దు, తీసుకో" అని కాస్త కసురుకోవాలి. అప్పుడు తీసుకుంటుంది. అప్పుడా మొహంలో వచ్చే వెలుగు అక్కకి తప్ప ఇంకెవరికీ తెలియదు. పెళ్ళైన మూడేళ్ళూ ఆ మొగుడికి ఇది తెలియలేదనీ, అందుకే ఆ కాపురం అలా అయిందనీ అక్కే పదిమందికి చెప్పేది.

ఆ రోజు ఆమె రెండోసారి అడగలేదు.

వద్దులే అన్న మాట వినగానే గుండెల మీద నుంచి ఒక బరువు దిగినట్టయింది. అంత హాయి ఎప్పుడూ ఎరగదు. ఆ హాయిని తలుచుకుంటేనే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చెల్లెలు పెన్ను మూత తీసింది. మొదటి కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను దాని మీద ఆనించి, కాసేపు అలాగే ఆగింది. చదువుకుంటోందేమో అనుకుంది అక్క. అలా అనుకోవడం తేలిగ్గా ఉంది. టైమ్ కీపరు గడియారం కేసి చూస్తున్నాడు. అధికారి తుమ్మింది. చెల్లెలు సంతకం పెట్టేసింది.

శనివారం పొద్దున్న చెల్లెలికి షిఫ్టు ఉంది. గుమ్మం దగ్గరే అక్కని కావలించుకుని, "చేరగానే ఫోన్ చెయ్యి, బావని చలిలో తిరగనీకు" అని చెప్పి గబగబా మెట్లు దిగిపోయింది. అక్క కిటికీలోంచి చూసింది. మలుపులో ఎర్ర లైటు పడి ఉంది. రోడ్డు మీద పురుగు లేదు. చెల్లెలు ఒక్కతే చేతిసంచీ పట్టుకుని, అది పచ్చగా మారేదాకా నిలబడి ఉంది.

ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ట్రేసరమ్మ చాలాసార్లు కాగితం పెన్ను తీసి కూర్చుంది. ఆ ఆఫీసు చిరునామా దగ్గరుంది. జరిగింది జరిగినట్టు రాయడం ఎంత పని? ముప్ఫై రెండేళ్ళు కొలతల్లో అర అంగుళం అబద్ధం రాయని చెయ్యి. అయినా ప్రతిసారీ ఏదో అడ్డం వచ్చేది. ఆడిట్ అయ్యాక రాద్దాం, కొత్త కమిషనరు కుదురుకున్నాక రాద్దాం. అసలు కార్డు వచ్చేస్తే రాయక్కర్లేదు కదా, చూద్దాం అని ఒక మూల ఆశ. ప్రతి ఆదివారం ఫోన్లో కార్డు సంగతి తనంతట తను అడిగేది కాదు. చెల్లెలూ చెప్పేది కాదు.

ఒక ఆదివారం కొళాయి కారడం గురించీ, బావ మోకాలి గురించీ మాట్లాడుకున్నారు. ల్యాబులో ఒకాయన పై వరస పళ్ళు కిందా కింది వరస పైనా పెట్టుకుని, సరిపోవట్లేదని పోట్లాటకొచ్చిన కథ చెప్పి చెల్లెలు నవ్వించింది. నవ్వు ఆగాక అంది.

"అన్నట్టు అక్కా, అది రాలేదు."

"ఏది?"

"కార్డు. రికార్డులో ఉల్లంఘన ఉందని రాశారు. మూడేళ్ళు పోయాక మళ్ళీ పెట్టుకోవచ్చట."

"మరి ఆ గది?"

"అదెప్పుడో వేరేవాళ్ళు తీసుకున్నారులే. జుట్టు కత్తిరించే ఆవిడ. అద్దాలు పెట్టించుకుంది, బాగుంది చూడ్డానికి."

"నేను రాస్తానే. ఇవాళే రాసి పంపిస్తా. నీకు సంబంధం లేదని, అంతా నేనే చేశానని. ఏం చేస్తారో చెయ్యనీ నన్ను."

"ఇప్పుడా?" చెల్లెలి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు రాస్తే నేను అబద్ధానికి సంతకం పెట్టానని తేలుతుంది అక్కా. మూడేళ్ళు కాస్తా ఎప్పటికీ అవుతుంది. రాయకు. దండం పెడతా, రాయకు."

అటు నుంచి ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎక్కడున్నావే?"

"ల్యాబులో."

"ఆదివారం కూడానా?"

"ఇంకెక్కడికీ పోలేనని ఆయనకి తెలిసిపోయిందిగా."

ట్రేసరమ్మ ఫోన్ని రెండో చెవికి మార్చుకుంది. అడగకూడదని తెలుసు. అడక్కుండా ఉండటం ఇంక చేతకాలేదు.

"ఆ రోజు నేను ఇంకోసారి అడిగుంటే, ఆ రెండో కాగితం పెట్టేదానివా?"

యంత్రం ఆగింది. ఫోన్ పోయిందేమోనని అక్క తెర వైపు చూసుకుంది. పోలేదు.

"ఏమో అక్కా," అంది చెల్లెలు. "అడగలేదుగా."

ఆ తర్వాత ప్లాస్టరు గట్టిపడిపోతుందనీ, మళ్ళీ వారం మాట్లాడతాననీ చెప్పి పెట్టేసింది.

టైమ్ కీపరు వరండాలో పేపరు మడిచి లోపలికి వచ్చాడు. "ఏమంటోంది మరదలు? కార్డు సంగతేమైనా తేలిందా?"

"రాలేదట. మూడేళ్ళట."

ఆయన కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు. మోకాలు నొక్కుకున్నాడు. ఆమెకి ఊరటగా ఉంటుందనే అన్నాడు, "నువ్వు చెప్పేస్తానన్నావు కదే. తనేగా వద్దంది."

నాలుగు నెలలుగా ఆమె తనకి తాను చెప్పుకుంటున్న మాట అదే, అక్షరం పొల్లుపోకుండా. ఆయన నోట వింటే వినబుద్ధి కాలేదు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఆదివారం కూడా పనికెళ్తోందండీ," అంది.